జెతా ఫుట్‌బాల్ క్లబ్, గొలుబోవ్‌త్సి (మాంటెనెగ్రో): తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జెతా ఎవరు? ఎక్కడి క్లబ్?

ఆగ్నేయ యూరప్‌లోని మాంటెనెగ్రో దేశంలో గొలుబోవ్‌త్సి అనే చిన్న ఊరి క్లబ్. రాజధాని పొద్గోరిత్సాకు దక్షిణంగా పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఆ ఊరు. 2011 జనాభా లెక్కల్లో ఊళ్లో ఉన్నది మూడు వేల పైచిలుకు మంది. చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపినా పదహారు వేలు. దేశం మొత్తం జనాభాయే సుమారు 6.2 లక్షలు.

అంత చిన్న ఊరి జట్టు స్వతంత్ర మాంటెనెగ్రోకు మొట్టమొదటి లీగ్ చాంపియన్ అయింది, స్కాట్లండ్ క్లబ్ గ్లాస్గో రేంజర్స్‌తో ఆడింది, యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్‌లో గ్రూప్ దశకు ఒక్క మెట్టు దూరం దాకా వెళ్లింది. 2012 ఆగస్టులో ఒక రాత్రి స్కోర్లు చూస్తుంటే "పీఎస్‌వీ 9, జెతా 0" అని కనిపించింది. తొమ్మిది గోల్స్ తిన్న ఈ జట్టు ఎవరో తెలుసుకుందామని మొదలుపెట్టాను, అప్పటినుంచి వదల్లేదు. నన్ను చాలామంది అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

జెతా అంటే గ్రీకు అక్షరమా?

కాదు. ఇంగ్లీషులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ అనుమానం అందరికీ వస్తుంది. జెతా ఒక నది పేరు, ఒక మైదానం పేరు. వీటన్నిటికంటే ముఖ్యంగా, మధ్యయుగంలో ఒక రాజ్యం పేరు. ఇప్పుడు మాంటెనెగ్రో అంటున్న ప్రాంతాన్ని అంతకుముందు జెతా అనేవారు. బాల్షిచ్, త్స్‌ర్నోయెవిచ్ వంశాలు ఏలింది ఆ జెతానే. "నల్ల కొండ" అని అర్థం వచ్చే త్స్‌ర్నా గోరా అనే పేరు తర్వాత స్థిరపడింది. మాంటెనెగ్రో అన్నది దానికే ఇటలీ వైపు నుంచి వచ్చిన రూపం.

జెతా అనే మాట ధాన్యం, కోత అనే అర్థాలున్న పాత స్లావిక్ మూలం నుంచి వచ్చిందని చెబుతారు. ఇప్పటికీ ఆ భాషలో ధాన్యాన్ని జీతొ అనీ, కోతల్ని జెత్వా అనీ అంటారు. ఆ ప్రాంతానికి ఇంతకన్నా తగిన పేరు దొరకదు. కొండలు, రాళ్లు తప్ప చదును నేల పెద్దగా లేని దేశంలో స్కాదర్ సరస్సు వైపు పరుచుకున్న సాగుభూమి అది. టమాటా, మిరప, పుచ్చకాయ, ద్రాక్ష పండిస్తారు. పొద్గోరిత్సాకూ గొలుబోవ్‌త్సికీ మధ్య చెమోవ్‌స్కొ పొల్యెలో 2,300 హెక్టార్లకు పైగా ఒకే ద్రాక్షతోట ఉంది.

అంటే ఈ రైతుల ఊరి క్లబ్ జెర్సీ మీద ఉన్నది తమ దేశపు పాత పేరు. 2007లో అదే క్లబ్ కొత్త దేశానికి తొలి చాంపియన్ అవడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరించే విషయం. (గోలుబ్ అంటే పావురం. గొలుబోవ్‌త్సి పేరులో వినిపించేది ఆ మాటే.)

క్లబ్ ఎప్పుడు పుట్టింది?

1927లో. అప్పుడు ఆ నేల, తర్వాత యుగోస్లావియా అని పేరు మార్చుకున్న రాజ్యం కింద ఉంది. అప్పటికే మాంటెనెగ్రోలో ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు. పాత రాజధాని త్సెతిన్యెలో లోవ్‌చెన్ క్లబ్ 1913లోనే మొదలైంది, దేశంలో అన్నిటికన్నా పాతది అదే. పొద్గోరిత్సాలోని బుదుచ్‌నోస్త్ 1925లో పుట్టింది. ఆ పేరుకు అర్థం "భవిష్యత్తు".

టిటో కాలంలో జెతా ఎక్కడుండేది?

కింది లీగుల్లో. సోషలిస్ట్ యుగోస్లావియా మొదటి లీగులో మాంటెనెగ్రో నుంచి కనిపించినవి పొద్గోరిత్సా బుదుచ్‌నోస్త్, నిక్‌షిచ్‌లోని సుత్యెస్కా మాత్రమే. పొద్గోరిత్సాను అప్పట్లో, దేశాన్ని ఏలిన టిటో పేరు మీద, తీతోగ్రాద్ అనేవారు. జెతా ఆడిన ఆటలు పక్క ఊళ్లతో, పక్క లోయలతో.

ఆ కాలపు గుర్తు ఒకటి గొలుబోవ్‌త్సిలో ఇంకా ఉంది. పొద్గోరిత్సా విమానాశ్రయం నిజానికి ఉన్నది ఈ ఊళ్లోనే. నగరం 1992లో పాత పేరుకు తిరిగొచ్చింది గానీ విమానాశ్రయం కోడ్ మారలేదు. ఈరోజుకీ టికెట్ మీద టీజీడీ అనే వస్తుంది, తీతోగ్రాద్‌కు పొట్టి రూపం. మాంటెనెగ్రో రాజధానికి విమానంలో వెళ్లే ప్రతి విదేశీయుడూ ముందు జెతా సొంతూళ్లోనే కాలు పెడతాడు. చాలామందికి ఆ సంగతి తెలియదు.

పెద్ద జట్లతో ఆడటం ఎప్పుడు మొదలైంది?

యుగోస్లావియా ముక్కలయ్యాక. క్రొయేషియా, స్లొవేనియా, బోస్నియా, మాసిడోనియా క్లబ్బులు వెళ్లిపోయాయి, సెర్బియా, మాంటెనెగ్రోల క్లబ్బులు మిగిలాయి. 2000-01 సీజన్‌లో జెతా మొదటి లీగులో ఆడుతూ కనిపిస్తుంది. 1991లో యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ అయిన యూరోపియన్ కప్ (ఇప్పటి చాంపియన్స్ లీగ్) గెలిచిన రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్, దాని ప్రత్యర్థి పార్టిజాన్, ఈ రెండూ ఇప్పుడు జెతాకు లీగ్ మ్యాచ్‌లే. టమాటా తోటల మధ్య ఊరికి అంతటి జట్లు పాయింట్ల కోసం వచ్చాయి.

జెతా ఊరికే లెక్క పూరించడానికి లేదక్కడ. 2004-05లో పార్టిజాన్, రెడ్ స్టార్‌ల వెనకే మూడో స్థానంలో నిలిచింది. బెల్‌గ్రేడ్ జంట తర్వాత మిగతా దేశమంతటిలో మొదటి జట్టు అన్నమాట. నా లెక్కలో ఇది 2007 టైటిల్‌కన్నా గట్టి ఫలితం, ఎందుకంటే పోటీ అంత పెద్దది. ఆ ఫలితంతో యుయెఫా కప్‌కు (ఇప్పటి యూరోపా లీగ్) వెళ్లింది. అక్కడ బోస్నియా క్లబ్ షిరోకి బ్రియెగ్ చేతిలో ఆగిపోయింది.

"స్వతంత్ర మాంటెనెగ్రో తొలి చాంపియన్" అంటారు. ఆ కథేమిటి?

2006 మే 21న మాంటెనెగ్రోలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. సెర్బియాతో కలిసి ఉండాలా, విడిపోవాలా అన్నది ప్రశ్న. విడిపోవాలంటే 55 శాతం రావాలని యూరోపియన్ యూనియన్ షరతు పెట్టింది. వచ్చింది 55.5 శాతం. అర శాతంతో ఒక దేశం పుట్టింది. జూన్ 3న స్వాతంత్ర్యం ప్రకటించారు.

ఫుట్‌బాల్‌లో దీనివల్ల ఒక వింత జరిగింది. జూన్ 9న జర్మనీలో ప్రపంచ కప్ మొదలైతే, అందులో "సెర్బియా అండ్ మాంటెనెగ్రో" జట్టు ఆడింది. ఆ పేరుతో దేశం అప్పటికే లేదు. ఆ జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది, అర్జెంటీనా చేతిలో 0-6తో.

ఆ ఆగస్టుకల్లా మాంటెనెగ్రో సొంత మొదటి లీగును నడపడం మొదలుపెట్టింది. 12 జట్లు, ఒక్కొక్కటి మిగతా వాటితో మూడేసి సార్లు, మొత్తం 33 మ్యాచ్‌లు. గెలిచేది ఎవరని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు బుదుచ్‌నోస్త్. రాజధాని క్లబ్ అది, జనం, చరిత్ర అన్నీ దాని వైపే. దెయాన్ సవిచెవిచ్, ప్రెద్రాగ్ మియాతోవిచ్ లాంటి పెద్ద ఆటగాళ్లను ఇచ్చింది కూడా అదే.

టైటిల్ మాత్రం గొలుబోవ్‌త్సికి వెళ్లింది. బుదుచ్‌నోస్త్ రెండో స్థానంలో మిగిలింది.

దీన్ని అదృష్టం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 33 మ్యాచ్‌ల లీగులో అదృష్టం ఒకటి రెండు సార్లు పనిచేస్తుంది గానీ సీజన్ అంతా పనిచేయదు. రెండేళ్ల ముందు బెల్‌గ్రేడ్ జట్ల వెనక మూడో స్థానం తెచ్చుకున్న క్లబ్, చిన్న లీగులో మొదటి స్థానం తెచ్చుకుంటే ఆశ్చర్యపడాల్సింది ఏముంది?

తేదీలు కూడా ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. మాంటెనెగ్రో జాతీయ జట్టు తన తొలి మ్యాచ్ ఆడింది 2007 మార్చి 24న, పొద్గోరిత్సాలో హంగరీని 2-1తో గెలిచింది. ఫిఫా సభ్యత్వం వచ్చింది 2007 మే 31న. ఆ వసంతంలోనే జెతా టైటిల్ అందుకుంది.

రేంజర్స్‌తో మ్యాచ్ ఎలా వచ్చింది?

చాంపియన్ కాబట్టి 2007 వేసవిలో చాంపియన్స్ లీగ్ తొలి క్వాలిఫయింగ్ రౌండ్‌లో ఆడే హక్కు వచ్చింది. మాంటెనెగ్రో తరఫున ఆ పోటీలో అడుగుపెట్టిన తొలి క్లబ్ జెతా. ఎదురుగా లిథువేనియా చాంపియన్ ఎఫ్‌బీకే కౌనస్. సొంత దేశంలో 3-1తో గెలిచింది, లిథువేనియాలో 2-3తో ఓడింది. మొత్తం 5-4. ఒక్క గోల్ తేడా.

రెండో రౌండ్‌లో రేంజర్స్. వాల్టర్ స్మిత్ మేనేజర్, బారీ ఫెర్గూసన్ కెప్టెన్. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియంలో యాభై వేల మంది పడతారు. గొలుబోవ్‌త్సి జనం మొత్తం వెళ్లి కూర్చున్నా ఆ స్టేడియంలో ఒక మూల నిండుతుంది, అంతే.

తొలి మ్యాచ్ ఐబ్రాక్స్‌లో. సగం ఆట అయ్యేసరికి 0-0. రెండో సగంలో డేవిడ్ వీర్, లీ మెక్‌కలక్ గోల్స్ కొట్టారు, 2-0. వారం తర్వాత పొద్గోరిత్సాలో చాలాసేపు మళ్లీ 0-0. ఆట చివర్లో అమెరికన్ వింగర్ డమార్కస్ బీస్లీ గోల్ వేశాడు, 0-1. అలా రెండు మ్యాచ్‌లూ కలిపి 0-3.

ఆ స్కోరు విలువ తెలియాలంటే రేంజర్స్ ఆ తర్వాత ఏం చేసిందో చూడాలి. తర్వాతి రౌండ్‌లో రెడ్ స్టార్‌ను దాటింది. గ్రూప్ దశలో లియోన్ వెళ్లి 3-0తో గెలిచింది, ఐబ్రాక్స్‌లో బార్సిలోనాను 0-0 దగ్గర నిలబెట్టింది. అక్కణ్నుంచి యుయెఫా కప్‌లోకి వచ్చి 2008 మేలో మాంచెస్టర్‌లో ఫైనల్ ఆడింది. అలాంటి జట్టుకు జెతా మూడంటే మూడు గోల్సే ఇచ్చింది, అందులో ఒకటి ఆఖర్లో.

మరుసటేడాది రేంజర్స్‌ను చాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్ నుంచి ఇంటికి పంపింది ఎవరో తెలుసా? కౌనస్. జెతా 5-4తో దాటిన అదే కౌనస్.

2012 వేసవిలో ఏం జరిగింది?

ఈ ప్రశ్న ఎంతమంది అడిగినా నాకు విసుగు రాదు.

యూరోపా లీగ్ తొలి క్వాలిఫయింగ్ రౌండ్‌లో ఆర్మేనియా క్లబ్ ప్యూనిక్. జెతా అక్కడికి వెళ్లి 3-0తో గెలిచింది. సొంత దేశంలో 1-2తో ఓడినా పర్వాలేకపోయింది.

రెండో రౌండ్‌లో ఫిన్లాండ్ క్లబ్ జేజేకే. ఫిన్లాండ్‌లో 2-3తో ఓడింది, సొంత దేశంలో 1-0తో గెలిచింది. మొత్తం 3-3. ఇక్కడ బయటి గోల్స్ లెక్క పనికొచ్చింది. రెండు మ్యాచ్‌ల మొత్తం సమానమైతే, ప్రత్యర్థి మైదానంలో ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారో వాళ్లు ముందుకెళ్తారన్నది అప్పటి నిబంధన. జెతా బయట కొట్టినవి రెండు, జేజేకే బయట కొట్టినవి సున్నా.

మూడో రౌండ్‌లో బోస్నియా క్లబ్ సారాయెవో. ఈ రెండు క్లబ్బులకూ భాష ఒకటే, నిన్నమొన్నటిదాకా దేశం కూడా ఒకటే. సారాయెవోలో 1-2, సొంత దేశంలో 1-0. మొత్తం 2-2. బయట జెతాకు ఒక గోల్ ఉంది, సారాయెవోకు ఒక్కటీ లేదు. మళ్లీ జెతానే.

ఒక్కసారి ఆ పరిస్థితి ఊహించుకోండి. మీ జట్టు 1-0తో ముందుంది. అంతటితో ఆగితే ముందుకెళ్తుంది. ప్రత్యర్థి ఒక్క గోల్ కొడితే మాత్రం స్కోరు 1-1, మొత్తం 2-3, కథ ముగిసినట్టే. ప్రతి కార్నర్‌కీ, ప్రతి ఫ్రీ కిక్‌కీ గుండె గొంతులోకి వస్తుంది. అంత టెన్షన్‌ని జెతా రెండు వారాల్లో రెండు సార్లు తట్టుకుంది, రెండు సార్లూ సొంత గోల్‌ను సున్నా దగ్గరే కాపాడుకుంది. ఆ జట్టు ముందు వరుసలో జార్కో కొరాచ్ ఉండేవాడు, గోల్స్ కోసం జట్టు చూసేది అతని వైపే. కానీ ఆ రెండు రౌండ్లూ నిలబెట్టింది వెనక వరుస అని నా అభిప్రాయం.

ఆ బయటి గోల్ నిబంధనను యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా 2021-22 సీజన్ నుంచి ఎత్తేసింది. ఇప్పటి నిబంధనలైతే ఆ రెండు రౌండ్లూ అదనపు సమయానికి వెళ్లేవి.

మిగిలింది ప్లే-ఆఫ్. గెలిస్తే గ్రూప్ దశ. డ్రాలో వచ్చిన పేరు నెదర్లాండ్స్ క్లబ్ పీఎస్‌వీ ఐండ్‌హోవెన్.

పీఎస్‌వీ చేతిలో 0-5, 0-9. అంటే పరువు పోయినట్టే కదా?

పద్నాలుగు గోల్స్ తిన్న మాట నిజం. దాన్ని తక్కువ చేసి చెప్పను.

కానీ ఎదురుగా ఉన్నది ఎవరో కూడా చెప్పాలి. మన ఇళ్లలో ఏళ్ల తరబడి వెలిగిన ఫిలిప్స్ బల్బుల కంపెనీ 1913లో తన ఉద్యోగుల కోసం పెట్టిన క్లబ్ పీఎస్‌వీ. పేరులోని 'పీ' ఫిలిప్సే. 1988లో యూరోపియన్ కప్ గెలిచింది. 2012లో డిక్ అడ్వొకాట్ కోచ్. జట్టులో మార్క్ వాన్ బొమ్మెల్, కెవిన్ స్ట్రూట్‌మన్, డ్రీస్ మెర్టెన్స్, జార్జీనియో వైనాల్డమ్. వీళ్లలో వాన్ బొమ్మెల్ ప్రపంచ కప్ ఫైనల్ ఆడినవాడు, మిగతావాళ్లు తర్వాత ఇటలీ, ఇంగ్లండ్‌లలో పెద్ద పేర్లయ్యారు.

జెతా లాంటి చిన్న ఊరి క్లబ్ ఆ మైదానంలో నిలబడే హక్కును మూడు దేశాల క్లబ్బులను దాటి తెచ్చుకుంది. స్కోర్ల పట్టికలో 9-0 ఒక్కటే కనిపిస్తుంది, దాని వెనక ఉన్న ఆరు మ్యాచ్‌లు కనిపించవు. నేను కూడా మొదట చూసింది ఆ ఒక్క అంకెనే, అందుకే ఇంత చెబుతున్నాను.

ఇంకో మాట. ఐదేళ్ల ముందు జెతాను ఓడించిన రేంజర్స్ అదే 2012 వేసవిలో అప్పుల్లో మునిగి, స్కాట్లండ్ నాలుగో అంచె లీగులోకి దిగి ఆడుతోంది.

సొంత మైదానం ఏది? యూరప్ మ్యాచ్‌లు అక్కడే ఆడారా?

సొంత మైదానం పేరు త్రెష్నిత్సా. ఆ భాషలో త్రెష్న్యా అంటే చెర్రీ. స్టేడియానికి ఇంత ముద్దుగా ఉండే పేరు నేనింకెక్కడా వినలేదు.

పెద్ద యూరప్ మ్యాచ్‌లు అక్కడ జరగలేదు. సీట్లు, దీపాలు, భద్రత అన్నిటికీ యుయెఫా షరతులుంటాయి, ఊరి మైదానాలు వాటికి సరిపోవు. రేంజర్స్ వచ్చినా, పీఎస్‌వీ వచ్చినా ఆడింది పొద్గోరిత్సా నగర స్టేడియంలో. అది బుదుచ్‌నోస్త్ ఇల్లు. తమ జీవితంలో అతిపెద్ద రాత్రులను జెచానీలు, అంటే జెతా జనం, ప్రత్యర్థి ఇంట్లో కూర్చుని చూడాల్సి వచ్చింది. ఈ విషయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సవిచెవిచ్, మియాతోవిచ్ జెతా ఆటగాళ్లా?

కాదు, ఇద్దరూ పొద్గోరిత్సా వాళ్లు, బుదుచ్‌నోస్త్ నుంచి వచ్చినవాళ్లు. సవిచెవిచ్ 1991లో రెడ్ స్టార్‌తో, 1994లో మిలాన్‌తో యూరప్ చాంపియన్ అయ్యాడు. 1998 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్‌కు గెలుపు గోల్ కొట్టింది మియాతోవిచ్.

2007 తర్వాత మళ్లీ ఎందుకు చాంపియన్ కాలేదు?

2007-08లో దగ్గరిదాకా వచ్చి రెండో స్థానంలో ఆగింది. ఆ తర్వాత టైటిళ్లు ఎక్కువగా బుదుచ్‌నోస్త్, సుత్యెస్కాల మధ్యే తిరిగాయి.

అయినా మాంటెనెగ్రో లీగులో నాకు నచ్చేది ఇదే, మధ్యమధ్యలో చిన్న ఊళ్లు దూసుకొస్తాయి. తీరప్రాంతంలోని బుద్వా నుంచి మొగ్రెన్ 2009లో, 2011లో గెలిచింది. ఉత్తరాన బొగ్గు గనుల పట్నం ప్లెవ్ల్యా నుంచి రుదార్ 2010లో, 2015లో గెలిచింది. రుదార్ అంటే గని కార్మికుడు. 2024లో తూజి ఊరి జట్టు దెచిచ్ తన తొలి టైటిల్ అందుకుంది. తూజి ఉన్నది జెతాకు పక్కనే, జనంలో ఎక్కువమంది అల్బేనియన్లు.

గెలిచాక నిలబడటం మాత్రం కష్టం. బాగా ఆడిన కుర్రాడు పెద్ద క్లబ్బుకు వెళ్లిపోతాడు, ఆపే డబ్బు ఉండదు. టికెట్ల మీద వచ్చేది తక్కువ. యూరప్ పోటీల నుంచి యుయెఫా ఇచ్చే సొమ్ము వచ్చిన ఏడు ఊపిరి ఆడుతుంది, రాని ఏడు లెక్కలు తప్పుతాయి. రెండు సార్లు చాంపియన్ అయిన మొగ్రెన్ ఆర్థికంగా చితికిపోయి పై లీగు నుంచే కనుమరుగైంది.

2012 తర్వాత యూరప్‌లో కనిపించిందా?

కనిపించింది, కానీ అంత దూరం వెళ్లలేదు. 2017లో సారాయెవో నగరంలోని మరో క్లబ్ జెలెజ్నిచార్ చేతిలో, 2019లో హంగరీ క్లబ్ ఫెహెర్వార్ చేతిలో ఓడింది.

గొలుబోవ్‌త్సి పొద్గోరిత్సాలో భాగమా, వేరే ఊరా?

చాలాకాలం పొద్గోరిత్సా పరిపాలన కిందే ఉంది. తమ పన్నులు, తమ రోడ్లు తామే చూసుకుంటామని అక్కడి జనం ఏళ్ల తరబడి అడిగారు. 2022లో ప్రత్యేక మునిసిపాలిటీ వచ్చింది. దాని పేరు కూడా జెతానే.

అక్కడికి వెళ్లి ఊరు చూడాలంటే ఎలా?

విమానంలో వెళ్తే దిగేదే గొలుబోవ్‌త్సిలో. నన్నడిగితే రైలు మంచిది. బెల్‌గ్రేడ్ నుంచి సముద్రతీరంలోని బార్ దాకా 476 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. అందులో పొద్గోరిత్సా-బార్ ముక్క 1959లో మొదలైంది, మొత్తం దారి 1976లో పూర్తయింది. పొద్గోరిత్సాలో బార్ వైపు వెళ్లే లోకల్ ఎక్కండి. కాసేపటికే రెండువైపులా తోటలు, గ్రీన్‌హౌస్‌లు మొదలవుతాయి. గొలుబోవ్‌త్సి స్టేషన్ చిన్నది, చూసుకుని దిగాలి. దిగకపోతే రైలు స్కాదర్ సరస్సు నీళ్ల మధ్యనుంచి విర్‌పజార్ వైపు వెళ్లిపోతుంది.